పొట్టి ఆకు వచ్చిన వారం

"ఆంటీ, మీ గరాజ్‌లో ఆ పెద్ద వైర్ కేజ్ ఏంటి? కోళ్లు పెంచేవారా?"

కోళ్లా? కోళ్లు పెంచితే ఈ దేశంలో పక్కింటివాళ్లు ఊరుకుంటారా? కాదమ్మా. కూర్చో, చెప్తాను. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇలా రా. మీ అమ్మా నన్ను ఆంటీ అంటుంది, నువ్వూ ఆంటీ అంటావు, రేపు నీకు పిల్లలు పుడితే వాళ్లూ ఆంటీయే అంటారు కాబోలు. ఈ జన్మకి నేను అమ్మమ్మని కాను. సరేలే. మీ పెరట్లో అరటిమొక్క వేసేవటగా, మీ అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. చలికాలం దాన్నెలా కాపాడాలో నన్నడగమందిట. నన్ను! ఎవర్ని అడగమంటోందో ఆవిడకి తెలీదు పాపం.

ఆ గూడు అరటిచెట్టుకి చేసిందే. మీ అంకుల్ చేసేరు.

అంకుల్‌ని నువ్వు చిన్నప్పుడు చూసేవు కదూ. మూల సోఫాలో కూర్చుని ఉండేవారు, పలకరిస్తే తలూపేవారు, అంతే నీకు తెలుసు. ముందునించీ అలాంటి మనిషి కాదు. రావులపాలెం అవతల లంకల్లో అరటితోటల మధ్య పుట్టేరు. అగ్రికల్చర్ బియస్సీ చదివి నాలుగేళ్లో, కాదు అయిదేళ్లు, అక్కడే అరటి మీద గవర్నమెంటు ఉద్యోగం చేసేరు. పిలకని చేత్తో పట్టుకుని ఇది ఎన్ని అత్తాల గెల వేస్తుందో, అదే, ఎన్ని వరసల కాయలు కాస్తుందో చెప్పేసేవారు, రైతులు ఇంటికొచ్చి అడిగేవారు. నేనేమో రాజమండ్రిలో టౌను పిల్లని. మా నాన్న కోర్టులో గుమాస్తా. అరటి అంటే నాకు బండి మీద గెలలు రావడం తెలుసు, బజార్లో ఆకుల కట్టలు తెలుసు. చెట్టుకి గెల ఎలా వస్తుందో, ముందేమవుతుందో, నేనేనాడైనా చూసేనా? ఇది గుర్తుపెట్టుకో, తరవాత కావాలి.

డెబ్భై ఏడులో వచ్చేం ఇక్కడికి. ఆయన చదువు చెల్లలేదమ్మా. ఎక్కడికెళ్లినా ఒకటే మాట, ఇక్కడి మట్టి నీకేం తెలుసు, మంచు నీకేం తెలుసు అని. ఆఖరికి అట్టపెట్టెల గోడౌన్లో చేరేరు. పెట్టెలు ఎక్కించడం, దించడం. మొదట్లో నాలుగు నెలలు మీ అమ్మమ్మావాళ్ల బేస్‌మెంట్‌లోనే ఉన్నాం, అద్దె లేదు, భోజనం కూడా వాళ్లింట్లోనే. మీ అమ్మ అప్పుడు ఇంతుండేది, మెట్ల మీద కూర్చుని నా జడ విప్పేసేది. మీ అమ్మమ్మ మా కోసం విడిగా కారం తగ్గించి వండేది, ఆయనకి కడుపులో మంటని. ఆ రుణం... అదీ గుర్తుపెట్టుకో.

శనాదివారాలు ఆయన ఓ నర్సరీలో పనికెళ్లేవారు. ఇప్పుడు మీరు కాఫీ తాగడానికి వెళ్తారే, ఆ షాపింగ్ సెంటర్, అక్కడే ఉండేది. అప్పుడు ఈ షాంటిలీ ఊరంటే ఏముంది, పొలాలూ, గుర్రాలూ. ఆ నర్సరీ ఓ ముసలాయనది, తెల్లాయన. అద్దాల గదిలో ఒక అరటిచెట్టు ఉండేది ఆయనకి, పొట్టి రకం, మన పచ్చరటి లాంటిది. ఈయన ఊరుకోకుండా ఇది బయట నేలలో కూడా వస్తుంది, నేను పెంచి చూపిస్తాను అన్నారు. ఆ ముసలాయన పడీ పడీ నవ్వేడు. నవ్వి, ఓ పిలక తవ్వి చేతికిచ్చి ఏమన్నాడంటే, అద్దాల గదిలో ఎవడైనా పెంచుతాడు, మంచు పడే నేలలో గెల వేయించు, గెల బయటికి కనిపిస్తే చాలు, పండక్కర్లేదు, ఆ రోజే నిన్ను ఇక్కడ మొక్కలు పెంచే గ్రోవర్‌గా ఉద్యోగంలో పెట్టుకుంటాను అన్నాడు. నేనక్కడే ఉన్నాను, మధ్యాన్నం కేరేజీ పట్టుకెళ్లి.

ఇంటికి వస్తూ కార్లో ఆయన పాట పాడేరు. ఆయన పాడగా నేను విన్నది ఆ ఒక్క రోజే.

డెబ్భై తొమ్మిదిలో వేసేం. బజార్లో అరటిపళ్లు పావు డాలరుకి పౌను, కుప్పలు పోసి ఉండేవి. పక్కింటావిడ అడిగేది, అంత చవగ్గా దొరుకుతుంటే ఇదెందుకూ అని. తినడానికి కాదే తల్లీ అని ఆవిడకెలా చెప్పను? మొదటి చలికాలం మన ఊళ్లో చేసినట్టే బోదె, అదే చెట్టు కాండం, నరికేసి, మొదలు మీద ఎరువు గత్తం వేసేరు. దుంప బతికింది, పిలకేసింది, మళ్లీ మొదటికొచ్చింది. బోదె పోతే గెల రాదు, ఏడాదిలో సగం నిద్రే కదా ఇక్కడ. రెండో చలికాలం బోదె ఉంచి ప్లాస్టిక్ షీటు చుట్టేరు. లోపల చెమ్మ పట్టి బోదె కుళ్లి నీరు కారిపోయింది, దుంప మాత్రం మిగిలింది, ఆ కంపు చెప్పలేను. మూడో ఏడు ఇదిగో, ఈ గూడు. చుట్టూ వైరు, లోపలంతా ఎండుటాకులు, మెడదాకా, పైన టార్పాలిన్. అన్ని ఆకులు ఎక్కడివీ? వీధిలో జనం సంచుల్లో పోసి బయట పెడతారు కదా, ఇద్దరం కారేసుకుని అవి ఏరుకొచ్చేవాళ్లం. ఎవరైనా చూస్తారేమోనని నేను తల దించుకుని కూర్చునేదాన్ని. ఒకావిడ తలుపు తీసి, ఇంకో రెండు సంచులున్నాయి తీసుకెళ్తారా అంది. ఆయన థాంక్యూ అని సంబరంగా వెళ్లి తెచ్చుకున్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది, ఆయనకేం లేదు.

ఏప్రిల్లో ఆకులు తీస్తే బోదె పచ్చగా ఉంది. ఎనభై రెండు అది. నడుమెత్తు బోదె, పక్కన మూడు పిలకలు. మే అంతా ఆకు మీద ఆకు వేసింది. ఆయన పొద్దున్న పనికెళ్లే ముందు ఓసారి, వచ్చేక బూట్లు విప్పకుండా ఓసారి, దాని దగ్గరికెళ్లి నిలబడేవారు.

జూన్లో మీ తాతగారు కొత్తిల్లు కొన్నారు. అదే, మీ అమ్మ పెరిగిన ఇల్లు. ఆషాఢం వచ్చేస్తుందని గబగబా గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. మీ అమ్మమ్మ శుక్రవారం ఫోన్ చేసింది. కాముడూ, నన్నలాగే పిలుస్తుంది ఆవిడ, మండపానికి నాలుగు మూలలా అరటి కట్టాలే, మీ ఇంట్లో తప్ప ఈ వర్జీనియాలో ఎక్కడుంది చెప్పు, నాలుగు పంపించు అంది. ఆయనేమో ఆ వారమంతా డబుల్ షిఫ్టు, శనివారం కూడా పనే. పిలకలు ఎవరడిగినా ఇమ్మని ముందే చెప్పి ఉన్నారు నాకు. కానీ పిలకలు మూడే.

నాలుగోది లేదని అనచ్చు. ఓ మూలకి ప్లాస్టిక్‌దో, ఇంకేదో కట్టుకోమనచ్చు. ఆ బేస్‌మెంట్‌లో నాలుగు నెలలు పెట్టిన మనిషి, పసుపూ కుంకాలతో శుభకార్యానికి అడుగుతోంటే లేదనే నోరెలా వస్తుంది, నువ్వు చెప్పు. వెళ్లి చెట్టు చూసేను. పైన కొత్తాకు వచ్చింది, పొట్టిగా, మిగతావాటిలో సగం కూడా లేదు. అయ్యో, దీనికి చలి దెబ్బ తగిలింది, ఎదుగుదల ఆగిపోయింది, ఇంకేం గెల వేస్తుంది, ఎలాగూ కింద నుంచి పిలకలొస్తాయిలే అనుకున్నాను. అదీ నా తెలివి. శనివారం పొద్దున్నే కూరల కత్తితో కోసేను. లోపల మధ్యలో గట్టిగా తెల్లగా తగిలింది. దూట అనుకున్నాను, బోదె లోపల ఉంటుంది చూడు, కూర వండుకునే ఆ తెల్లటి ఊచ. తడిగుడ్డ చుట్టి కార్లో పెట్టుకుని తీసుకెళ్లిపోయేను.

మండపం ఎంత బాగా వచ్చిందో. అందరూ మెచ్చుకున్నారు, అమెరికాలో నిజం అరటా అని. ఆయన డ్యూటీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చేరు, కథ సగంలో. గుమ్మంలో ఆగి నాలుగు మూలలూ చూసేరు. నాలుగో మూల దగ్గరికెళ్లి బోదె మీద చెయ్యి వేసి, అక్కడే కిందకూర్చున్నారు. కథ అయ్యేదాకా కదల్లేదు. అలిసిపోయేరనుకున్నాను.

భోజనాలయ్యేక అరటిబోదెలు తీసి పెరట్లో పడేసేరు. ఆయన వెళ్లి ఆ పెద్దది ఒళ్లో పెట్టుకుని దొప్ప తరవాత దొప్ప ఒలుస్తున్నారు. నేను వెనకాలే వెళ్లేను. ఒలిచి ఒలిచి, మధ్యలో... గెల, తల్లీ. మూరెడు గెల. తెల్లగా, అత్తాలన్నీ వరసగా అమిరిపోయి, ఒక్కో పిందె అగ్గిపుల్లంత. నా కత్తి దాని కాడకి అడ్డంగా దిగింది. గెల వచ్చే ముందు చెట్టు ఆఖరున ఓ పొట్టి ఆకు వేస్తుందిట. అదే దాని గుర్తుట. లంకల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసుట.

"ఓ మాట చెప్పచ్చు కదండీ నాకు" అన్నాను.

ఆయన తలెత్తకుండా, "పిందెని వేలెట్టి చూపిస్తే కుళ్లిపోతుందంటారు కదా కామేశ్వరీ. బయటికొచ్చేక ముందు నీకే చూపిద్దామనుకున్నాను. ఇంకో పది రోజులు" అన్నారు.

బియస్సీ అగ్రికల్చర్ చదివిన మనిషి. దిష్టి తగులుతుందని భయపడ్డారు, ఆ పొట్టి ఆకుని నాలుగు రోజుల ముందే చూసి, మాట నోట్లోనే దాచుకున్నారు. నేనేమో శుభకార్యానికి లేదనకూడదని కోసేను. ఇద్దరం మంచికే చేసేం చూడు.

అంతలో మీ అమ్మమ్మ ప్రసాదం గిన్నె పట్టుకుని వచ్చింది. ఏవిటన్నయ్యగారూ, దూట కూరకా, ఆవ పెట్టి చేయించుకోండి అని నవ్వింది. ఆయన అవునమ్మా, కూరకే అన్నారు. ఇంటికి తెచ్చేం. వండలేదు, పారెయ్యనూ లేదు. ఫ్రిజ్‌లో పెట్టేను నల్లబడిపోయేదాకా.

మర్నాడు బతిమాలేను, ఆ ముసలాయనకి పట్టుకెళ్లి చూపించండి, లోపల గెల ఉంది కదా, మీరు గెలిచినట్టే కదా అని. చచ్చినదాన్ని చూపించి ఉద్యోగం అడగమంటావా అన్నారు. ఆ తరవాత నర్సరీకే వెళ్లడం మానేసేరు. దీపావళి నాటికి ముసలాయన నేల అమ్మేసి కొడుకు దగ్గరికెళ్లిపోయేడు. మెషీన్లొచ్చి అంతా చదును చేసేసేయి.

దుంప మళ్లీ పిలకేసింది. ఆయన అటు చూళ్లేదు. ఆ చలికాలం నేనొక్కదాన్నే ఈ గూడు నిలబెట్టి, సంచులు తెచ్చి ఆకులు కుక్కేను. ఈసారి సిగ్గుపడలేదు, తలుపులు కొట్టి మరీ అడిగేను. కానీ వానలో తడిసిన ఆకులు కుక్కేను. ఎండినవే వెయ్యాలని నాకెవరు చెప్తారు, ఆయన్నడగడానికి మొహం చెల్లలేదు. ఏప్రిల్లో తీస్తే దుంపతో సహా కుళ్లిపోయింది. ఆ వాసనకి ఆయన వచ్చి కిటికీ మూసేసి వెళ్లేరు. ఒక్కసారీ ఏం అనలేదమ్మా. తిడితే సరిపోయేది. నలభై ఏళ్లు పైన కాపరం చేసేను, అందులో చాలాభాగం ఆ తిట్టు కోసం ఎదురుచూసేను. మోకాళ్లు పోయేదాకా ఆ గోడౌన్లోనే పెట్టెలు మోసేరు. ఇంక కన్నుమూసేదాకా ఆ మూల సోఫా. నువ్వు చూసిందదే.

ఇదంతా మీ అమ్మమ్మతో అనకు. ఆవిడకి ఇప్పటికీ ఆ మండపం ఫోటో హాల్లోనే ఉంది, నాకు చూపించి మురిసిపోతుంది. ఈ వయసులో ఆవిడకెందుకు ఈ బరువు.

గూడు పట్టుకుపో. తుప్పు పట్టింది, చేతులు జాగ్రత్త. ఆకులు ఎండినవే వెయ్యి. బోదె కొయ్యకు, దేవుడికని అడిగినా సరే, లేదని చెప్పడం నేర్చుకో. నువ్వు నూరేళ్లు బతకాలి, నీ చేతి చెట్టు గెల వెయ్యాలి. పొట్టి ఆకు కనిపించిందనుకో, లోపల దాచుకోకు, వేలెట్టి చూపించు, ఇంట్లో అందరికీ చూపించు. కుళ్లితే కుళ్లనీ. నాకూ ఫోన్ చెయ్యి. ఎవరైనా డ్రైవ్ చేస్తే వస్తాను. గెల బయటికి రావడం నేనింతవరకూ చూళ్లేదు, తల్లీ... ఆయన వెనకాల నిలబడి చూద్దామనుకున్నాను...