తక్కువ ఓల్టేజీకి పెట్టిన వేడి

పాలకొల్లులో వెంకటదుర్గ ఫిజియోథెరపీ గది. అల్ట్రాసౌండ్‌తో కాపడం పెట్టే మెషిన్ని తయారుచేసిన ఆమె అన్న సత్యప్రసాద్ అప్పుడే వచ్చాడు.

“...అది కాదన్నయ్యా, పక్కింటి సూరమ్మగారు చెప్పారు. నిన్న నా దగ్గర కాపడం పెట్టించుకున్న మొగల్తూరు పల్లంరాజు భుజం బొబ్బలెక్కిపోయిందంట. ‘దుర్గ మెషిన్ పెట్టి మనిషిని వేయించేసింది’ అని చేపల మార్కెట్టంతా ఒకటే గోలంట.”

“ఆవిడ చూశారా?”

“లేదు. విన్నారంట.”

“మరింకేం. వదిలెయ్.”

“నేను చూశాను. పొద్దున్నే వెళ్ళొచ్చాను. అరచేయంత బొబ్బ.”

“...మెషిన్ హెడ్డు చర్మం మీద ఒకే చోట పెట్టి ఉంచేసుంటావ్. తిప్పుతూ ఉండాలని చెప్పానా లేదా?”

“తిప్పుతూనే ఉన్నాను. జెల్లు బాగా రాశాను. రోజూ పెట్టే నంబరే పెట్టాను. నీ పెట్టెలోనే ఏదో ఉంది.”

“నా పెట్టెలో ఏం లేదు. మధ్యాహ్నం బంగార్రాజుగారు వస్తున్నారు, ఈ మెషిన్ని కొని వాళ్ళ ఆసుపత్రికి పట్టుకెళ్తారు. ఈలోగా ఈ మాట బయటికి రానీకు.”

“అన్నయ్యా, ఇందులో రెగ్యులేటరు ఉందా?”

“ఏ రెగ్యులేటరు?”

“ఏ రెగ్యులేటరంటావేంటి! కరెంటు పెరిగినా తగ్గినా హెడ్డులో వేడి పుట్టించే క్రిస్టల్‌కి ఒకేలా వెళ్ళేలా చూసేది. మొదట్లో నువ్వే చూపించావుగా.”

“...తీసేశాను.”

“తీసేశావా!”

“అరవకు. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతుంటే మనకొచ్చే ఓల్టేజీ ఎంత? ట్యూబులైటే వెలగదు. రెగ్యులేటరు ఉంటే మెషినే ఆగిపోయేది. ‘కాపడం తగలట్లేదన్నయ్యా’ అని రోజూ ఫోన్ చేసింది నువ్వు కాదూ?”

“నేనే. అయితే?”

“అందుకని అది తీసేసి, ఆ తక్కువ ఓల్టేజీ మీదే వేడి సరిపోయేలా క్రిస్టల్‌కి వెళ్ళే పవర్ పెంచాను. గిన్నెలో నీళ్ళు పోసి చూశాను కూడా. గోరువెచ్చగా, చక్కగా...”

“మొన్న చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయిపోయింది. ఏరియేటర్లన్నీ ఆపేశారు. ఇప్పుడు ఓల్టేజీ ఎంతుందో చూశావా?”

“చూడలేదు.”

“మీటరు జేబులోనే ఉందిగా. పెట్టు. ఆ ప్లగ్గులో పెట్టు.”

“...అమ్మో.”

“ఏంటి అమ్మో?”

“పూర్తిగా వస్తోంది. అంటే మెషిన్ దాదాపు రెట్టింపు వేడి కొడుతుంది.”

“బంగార్రాజుగారికి ఏం చెబుతావ్?”

“ఇవ్వనని చెబుతాను. రెగ్యులేటరు మళ్ళీ పెట్టి, తక్కువ ఓల్టేజీలోనూ ఆగకుండా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేస్తాను. తప్పు నాది, దుర్గా.”

“నీ ఒక్కడిదేనా? కాలుతోందని ఆ మనిషి ఒక్క మాట అనొచ్చుగా! నోరు విప్పలేదు. అనుంటే ఆపేసేదాన్ని.”

“ఎవరో వచ్చినట్టున్నారు. రండమ్మా.”

“తలుపులమ్మనండి. పల్లంరాజు పెళ్ళాన్ని.”

“అయ్యో, కూర్చోమ్మా. మెషిన్‌దే తప్పు, నాదే. కానీ ఆయన కాలుతోందని చెప్పుంటే మా చెల్లి అప్పుడే ఆపేసేది.”

“ఎందుకు సెప్పలేదండీ బాబూ? తలుపవతల నేనే కూకున్నానండి. కాలిపోతందమ్మా, ఆపమ్మా అని మొత్తుకున్నాడండి. ‘కాలితేనే నెప్పి పోద్ది, వలలు లాగినోడివి, ఆ మాత్రం ఓర్సుకోలేవా’ అని మీ సెల్లెలుగారే అన్నారండి.”