సున్నా క్రెడిట్ల సబ్జెక్టు

ఈ కాలేజీలో క్రెడిట్ల పద్ధతి గురించి నాకు తెలిసినంత డీన్ గారికి కూడా తెలియదు మాస్టారూ. కావాలంటే ఏ హాస్టల్‌కైనా వెళ్ళి అడగండి. చిన్న రిజిస్ట్రారు అంటారు నన్ను. నేను వేలు పెట్టి చూపించిన ఎలెక్టివ్ తీసుకున్నవాడు ఇంతవరకు ఒక్కడూ తప్పలేదు. అంతటివాణ్ణి నేను... కాస్త ఆ కర్ర ఇటు చాపి ఉంచుతారా? ఈ నిచ్చెన మెట్టు జారుతోంది.

అంతటివాణ్ణి పట్టుకుని, గొడుగు గుడ్డతో కుట్టిన చెడ్డీలో, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబెట్టారు. ఇదేమన్నా న్యాయమా చెప్పండి?

చలి కాదండీ. పళ్ళు కొట్టుకుంటున్నది చలికి కాదు. అంటే, చలి కూడా ఉందనుకోండి.

చెడ్డీ వైపు చూస్తున్నారా? మా అమ్మ కుట్టింది. ఆవిడది బట్టలు కుట్టే పని. ఈత పరీక్ష ఉందమ్మా అని ఫోన్లో చెప్పగానే మారు మాట్లాడకుండా అటకమీది పాత గొడుగు విప్పదీసి కుట్టి పంపించింది, నిన్న సాయంత్రమే అందింది. నీళ్ళకి తడవదట. నీళ్ళలో దిగేవాడికి తడవని చెడ్డీ. ఎవరైనా నవ్వుతారు దీనికి. మీరు నవ్వరేం?

ఫస్టియర్ పిల్లలు ముందే చెప్పారు లెండి, మాస్టారు మాట్లాడరు, నవ్వరు, చూపుతోనే ఈత నేర్పుతారని. ఆ చూపు కాస్త పక్కకి తిప్పుకుంటే నేను ఊపిరి తీసుకుంటాను.

దిగుతాను. దిగనని ఎవరన్నారు? ముందు అసలు సంగతి చెప్పనివ్వండి. పరీక్షలన్నీ అయిపోయి, పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సినవాడు, ఫస్టియర్ పిల్లల ఈత పరీక్ష పట్టుకుని ఇక్కడ వేలాడుతున్నాడేమిటా అని మీ మనసులో ఉంది. ఉందా లేదా? ఉంటుంది. నా మనసులోనే ఉంది.

చూడండి, మా పద్ధతి చాలా తేలిక. వారానికి మూడు గంటలు పాఠముంటే ఆ సబ్జెక్టుకి మూడు క్రెడిట్లు. ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒకటి. ఎందుకంటే ల్యాబ్‌లో సగం సేపు పరికరం దగ్గర వరసలో నిలబడతాం. ఇది రూల్‌బుక్‌లో లేదు, నా వ్యాఖ్యానం. పాసైతే క్రెడిట్లు మన లెక్కలో పడతాయి. తప్పితే పడవు, ఆ సబ్జెక్టు మళ్ళీ చెయ్యాలి. సెమిస్టర్‌కి ఇరవై చొప్పున ఎనిమిది సెమిస్టర్లు పోగేస్తే డిగ్రీ. ఇక సగటంటారా, తెచ్చుకున్న గ్రేడుని క్రెడిట్లతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగించడమే. కాబట్టి నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు నాలుగింతలు లాగుతుంది, పైకైనా సరే, కిందికైనా సరే.

కిందికి లాగే మాట ఇప్పుడు ఎత్తకుండా ఉండాల్సింది.

మాస్టారూ, ఆ అడుగున నల్లగా చదరంగా ఉందే, ఏమిటది? నీళ్ళు పోయే జల్లెడా? అది మనుషుల్ని లాగదు కదా? ఊరికే అడిగాను.

ఎక్కడున్నాను? ఆఁ, సగటు దగ్గర. మా గదిలో పొడుగోడని ఒకడున్నాడు. మొదటేడు వాడికి గణితం అంటే వణుకు. నేనేం చేశానంటే, వాడి బరువు సబ్జెక్టులన్నీ లెక్కగట్టి, నాలుగు క్రెడిట్లున్న దాని దగ్గర మేలుకో, ఒక క్రెడిట్ ఉన్న దాని దగ్గర నిద్రపో అని మంత్రం చెప్పాను. పక్కన సంగీతం వినే ఎలెక్టివ్ ఒకటి పెట్టించాను. ఏడాది తిరక్కుండా వాడు గట్టెక్కాడు. ఆ మంత్రం హాస్టలంతా పాకింది. మొదటి రెండు వారాల్లో వద్దనుకున్న సబ్జెక్టు వదిలేసుకోవచ్చని, దాన్ని తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చని ఎంతమందికి తెలుసండీ? నేను చెబితేనే తెలిసింది.

మీ సబ్జెక్టు నేను వదిలేసింది కూడా అలాగే.

మీరప్పుడు లేరు, వేరే మాస్టారు ఉండేవారు. మొదటి రోజు వచ్చాను. ఇదుగో, ఈ తలుపు దాకా. నీళ్ళు అలా కదలకుండా నీలంగా పడుకుని ఉన్నాయి. వెనక్కి తిరిగి గదికెళ్ళి రూల్‌బుక్ తీశాను. ఈత, తప్పనిసరి, క్రెడిట్లు సున్నా. ఆ సున్నా చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. నా మంత్రం ప్రకారం సున్నా క్రెడిట్లకి ఎంత కష్టపడాలి? గుణించి చూడండి. ఎంత గుణించినా సున్నాయే కదా. హాయిగా వదిలేశాను. ప్రతి సెమిస్టర్ చివరా లెక్క చూసుకునేవాణ్ణి. క్రెడిట్లు పెరుగుతున్నాయే తప్ప తగ్గడం లేదు. సగటు మెరిసిపోతోంది. ఇంక ఈతెందుకు గుర్తుంటుంది?

ఆఫీసులో గుమాస్తా గారున్నారే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉంటారు, ఆయన గాలి తీసేశారు. డిగ్రీ కాగితం కోసం వెళ్తే కంప్యూటర్ వైపు చాలాసేపు చూసి, "నూట అరవై చాలు బాబూ, నీకు నూట అరవై నాలుగున్నాయి. సున్నా ఒక్కటే తక్కువైంది" అన్నారు. నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సున్నా సగటులో కలవదట, మొత్తంలో కలవదట, కానీ అది లేకుండా కంప్యూటర్ పట్టా ముద్రించదట. ఎక్కువున్న నాలుగూ తీసేసుకుని ఆ సున్నా ఇవ్వండి అని బతిమాలాను. అలా కుదరదన్నారు. బేరానికి వచ్చినవాడిలా చూశారు నన్ను.

మా విభాగం హెడ్ మేడం ముందు నిలబడితే ఆవిడ ఒక్కటే అడిగారు, నాలుగేళ్ళూ ఏం చేశావని. నేను నీళ్ళు నమిలాను. అదొక్కటే వచ్చు నాకు నీళ్ళతో. పాపం, ఆవిడే డీన్ గారితో మాట్లాడి ఈ ప్రత్యేక పరీక్ష ఇప్పించారు. మామూలుగా అయితే ఈ కోర్సు మొదటి సెమిస్టర్‌లోనే కదా. అంటే మళ్ళీ వర్షాలు వెలిసేదాకా ఆగాలి.

అప్పటిదాకా వంతెనల కంపెనీ ఆగదు మాస్టారూ.

అదే చెప్తున్నాను. నాకు ఉద్యోగం వచ్చింది. వంతెనలు గీసే కంపెనీ. సోమవారం చేరాలి, డిగ్రీ పూర్తయినట్టు కాగితం చేత్తో పట్టుకెళ్ళాలి. కాగితం లేకపోతే నా తర్వాతవాణ్ణి పిలుస్తామని రాశారు. నా తర్వాతవాడు ఈదగలడో లేదో వాళ్ళు అడగలేదు. మా అక్క నర్సు. తమ్ముడు వంతెనలు కడతాడని వార్డులో మంచం మంచానికీ తిరిగి చెప్పింది. ఎముకలు విరిగి కట్లలో ఉన్నవాళ్ళు కూడా చేతులెత్తి దీవించారట. ఇప్పుడు వాళ్ళందరికీ ఏమని చెప్పాలి?

సివిల్ ఎందుకు చదివానో తెలుసా అసలు? నీళ్ళని ముట్టుకోకుండా అవతలికి పోయే దారి చూపించే చదువు అదొక్కటే కాబట్టి.

నవ్వకండి అనబోయాను. మీరెలాగూ నవ్వడం లేదు.

నీళ్ళ గురించి నాకేం తెలియదనుకునేరు. ద్రవాల సబ్జెక్టులో నాకు పదికి పది. నాలుగు క్రెడిట్లు. ఒంటితో పక్కకి తోసిన నీళ్ళెంత బరువో అంత బలం మనల్ని పైకి నెడుతుంది. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ రాశాను. ఆ బలం నాకిప్పుడు మోకాళ్ళ దగ్గర తగలాలి. తగలడం లేదు.

వస్తున్నాను, వస్తున్నాను. కర్ర నేలకి కొట్టకండి. ఆ చప్పుడు పైకప్పుకి తగిలి తిరిగొస్తోంది.

ఇదుగో నడుము దాకా వచ్చాను. చెడ్డీ తడిసింది. అమ్మకి చెప్పకూడదు.

నాకు తెలుసు మీరేం అడుగుతారో. మొన్న చేశావు కదా అని. చేశాను. నిన్న కూడా చేశాను. ఈ గోడ నుంచి ఆ గోడకి, అడ్డంగానే అనుకోండి, తేలే చెక్క పట్టుకోకుండా, కప్పకి జబ్బు చేసినట్టు కొట్టుకుంటూ చేరాను. మీరు తల ఊపారు కూడా. మీరు తల ఊపడం ఈ పదిరోజుల్లో అదే మొదలు. నేను ఆ సంగతి అమ్మకీ అక్కకీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పుకున్నాను. మరి ఇవాళేమైందంటారు. అదే కదా?

చెవిలో పోటు. కాదు, కాదు. టిఫిన్ ఎక్కువ తిన్నాను. అదీ కాదు. అబద్ధాలు కూడా సరిగ్గా అతకడం లేదు చూడండి.

నిన్నా మొన్నా ఇక్కడ, సెలవులకి పోయే ముందు సరదాగా ఈదడానికి వచ్చిన ఫస్టియర్ పిల్లలున్నారు మాస్టారూ. ముప్పైమంది. ఒకడి మీద ఒకడు నీళ్ళు చల్లుకుంటున్నారు, అరుస్తున్నారు, ఒకడు నన్ను తాతయ్యా అని పిలిచి కాలు లాగబోయాడు. వాడిని తిడుతూ, వాళ్ళ గోల వింటూ ఎప్పుడు అవతలికి చేరానో నాకే తెలీలేదు. తల లోపలికి పోయినా గోల వినపడుతూనే ఉంది. రాత్రి బళ్ళకి వాళ్ళూ ఊళ్ళకి పోయారు, ఇవాళ ఎవరూ లేరు. పరీక్ష నాకొక్కడికే. మీరేమో మాట్లాడరు. నేను నోరు మూస్తే ఇంక నీళ్ళు తోడే ఆ మోటారు రొద తప్ప ఏమీ లేదిక్కడ. వినండి కావాలంటే.

చూశారా. ఎంత ఘోరంగా ఉందో.

అందుకే వచ్చినప్పట్నుంచీ వాగుతున్నాను. క్రెడిట్లు మీకెందుకు, నాకెందుకు? నోట్లో తడి ఆరిపోయింది. కానీ ఈదుతూ మాట్లాడలేను కదా. గోడ వదిలిన క్షణం నుంచి ఆ గోడ తగిలేదాకా ఎవరు మాట్లాడతారు?

సరే. చెప్పేస్తాను. ఆ పిల్లలకి మాత్రం చెప్పకండి. ముఖ్యంగా తాతయ్యా అన్నవాడికి.

నెత్తిన నీళ్ళు పడి, కళ్ళు మూసుకుపోయి, చెవుల్లో హోరు నిండగానే నాకు లోకంలో అందరూ లేచి వెళ్ళిపోయారనిపిస్తుంది. చిన్నప్పుడు ఏమీ జరగలేదు, ఎక్కడా పడిపోలేదు, ఎవరూ తొయ్యలేదు. ఊరికే అంతే. స్నానాల గది తలుపు బయట ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. ఇంట్లో అయితే నేను తలస్నానం చేసే రోజు అమ్మ మిషను లాక్కొచ్చి తలుపు పక్కన వేసుకునేది. ఎవరి జాకెట్టు బిగుతైందో, ఎవరి పంట్లాం పొట్టైందో చెబుతూ కుట్టేది. ఆవిడ ఆగితే నేను చెంబు ఆపేవాణ్ణి.

మరి హాస్టల్లో ఎలాగ అంటారా? పొడుగోణ్ణి అడిగాను. వాడు ఊరికే నిలబడతాడా? గణితం సంగతి తేల్చు, నిలబడతానన్నాడు. ఆ రాత్రే రూల్‌బుక్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. వాడు ఊరెళ్తే పక్కగదివాడు కావాలి, వాడికి సగటు పెంచాలి. వాడికి జ్వరమొస్తే ఎదురుగదివాడు, వాడికి ఎలెక్టివ్ మార్పించాలి. అలా ఒక్కో నిబంధనా బట్టీ పట్టుకుంటూ పోయాను. ఈ నాలుగేళ్ళూ మా వసారాలో కుర్రాళ్ళు వంతులేసుకుని తలుపు బయట నిలబడి పేపర్ చదివారు. ఆటల పేజీ చదివేవాడంటే నాకు ఎక్కువ ఇష్టం, వాడు గట్టిగా చదువుతాడు. చిన్న రిజిస్ట్రారు అంటే ఇంతే మాస్టారూ.

మీరు అవతలి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడతారా? కర్ర అక్కర్లేదు. మాట్లాడండి చాలు. గొంతు ఎటు వినపడితే అటు వచ్చేస్తాను. ఈత నాకొచ్చు, మీరే నేర్పారు.

వెళ్తున్నారా. అమ్మయ్య. వెళ్ళండి, వెళ్ళండి, చూస్తున్నాను. ఒక చెయ్యి వదిలేశాను ఇప్పటికే.

ఏం మాట్లాడాలా? ఏదైనా. మీ ఇంటి సంగతులు, మీకు కోపమొచ్చినవాళ్ళ సంగతులు, ఏదైనా ఒకటే. ఇప్పుడు హాస్టల్లో కూడా ఎవరూ లేరు, అందరూ ఊళ్ళకెళ్ళిపోయారు. ఇవాళ పొద్దున ఇక్కడికి వచ్చే ముందు, ఇరవై రెండేళ్ళ వెధవని, సబ్బుపెట్టె మీద ఫోను పెట్టుకుని అక్కకి ఫోన్ చేశాను. అక్క డ్యూటీలో ఉంది, కబుర్లకి తీరిక లేదంది. నా స్నానం అయ్యేదాకా మందుల బీరువా ముందు నిలబడి సీసాల మీది పేర్లు ఒక్కోటీ చదివింది మాస్టారూ.