నాన్న నాటకం, తమ్ముడి రాకెట్టు

రాస్తున్న నాన్న పోవడంతో ఐదేళ్ల కింద ఆగిపోయిన చంద్రమండలం రేడియో నాటకాన్ని, అమ్మ వద్దన్నా వినకుండా, తమ్ముడు మళ్లీ అందుకుని వారం వారం రాశాడు. ఆ గొడవతోనే ఇల్లు వదిలి కిరాయి గదిలో ఉంటున్నాడు. ఆఖరి భాగం వచ్చిన మర్నాడు నాంపల్లిలో అమ్మతోనే ఉంటున్న అక్కను ఆబిడ్స్ ఇరానీ హోటల్‌కు పిలిపించుకున్నాడు.

"ఎట్లుంది అక్కా?"

"రాకెట్టు లేచే చప్పుడు మస్తుంది. మీ బావ ఉలిక్కిపడి మంచం దిగిండు."

"నవ్వకు. జర నిజం చెప్పు."

"చంద్రుని మీది మనుషులు మంచిగున్నరు. నీ కెప్టెన్‌తోనే పరేషాన్. రాకెట్టుకు బొక్క పడి గాలి పోతుంటే, ఆయన ఉపన్యాసం మొదలువెట్టె!"

"ధైర్యం చెప్తున్నడు గదా."

"ఆయన చెప్పేలోపల సగం మంది సచ్చేటట్టున్నరు. నాన్నైతే ముందు బొక్క మూయించేటోడు."

తమ్ముడి మొహం చిన్నబోయింది.

"నాన్నంత రాదు నాకు."

"ఔ, రాదు. కానీ నాన్నకు ఆడోళ్ల మాటలు రాయరాకపోయె. నీ డాక్టరమ్మ మాట్లాడుతుంటే మనింట్ల మనిషే అనిపించింది."

ఆ మెప్పు అతని చెవికెక్కలేదు. వచ్చినప్పటి నుంచీ నోట్లో ఆడుతున్న మాట అడిగేశాడు.

"అమ్మ విన్నదా?"

"మొదటి వారం వంటింట్లకు పోయి కూసున్నది. తర్వాత గడప కాడికొచ్చింది. నిన్నైతే రేడియో ముంగట నుంచి లేవనే లేదు."

"ఏమన్నది?"

"'నీకేం తెలుసు నాటకాల సంగతి? అందుల తప్పులు నేను చెప్త, వాన్ని ఇంటికి రమ్మను' అన్నది."