గంగాధరప్ప సారుకు నేను రాసిన పాఠం

ఏదీ, ఇట్ల తే పాపా ఆ పుస్తకం, సూస్తా. నా అద్దాలు యాడ పెట్టినానో... ఆఁ, నెత్తిమీదనే ఉండాయి. నవ్వద్దు. డెబ్బై మూడేండ్లు వచ్చినాక నువ్వూ ఎతుక్కుంటావులే. ఊఁ, ఐదో తరగతి, పరిసరాల విజ్ఞానం, పాఠం పేరు నేలకోత. బాగుండాది, మన నేలకు పనికొచ్చే పాఠమే. లక్ష్యాలు... "విద్యార్థులు నేలకోత గురించి అవగాహన చేసుకుంటారు." సరిపోయింది! చంద్రికా, ఈ ముక్క గన మా గంగాధరప్ప సారు సూసింటే నీ పుస్తకం ఈపాటికి ఆ గేటు అవతల పడింటాండె. ఎవురా సారు అంటావా? నేను టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు మాకు పాఠం చెప్పే పద్ధతి నేర్పిన మనిషి. కళ్యాణదుర్గం పక్క పల్లె ఆయనది, బడి లేనప్పుడు సేద్యం. పోయి పదైదేండ్లయింది. కూచో, కూచో, నీ ట్రైనింగులో ఈ పాఠం ప్లాను రేపు గదా చూపించాల్సింది.

పొట్టి మనిషి. గొంతు మాత్రం రెండు గదుల అవతలికి ఇనపడేది. జేబులో ఎర్ర పెన్సిలు. నేను రాసిన మొదటి ప్లాను పదకొండు సార్లు కొట్టేసినాడు పాపా, పదకొండు సార్లు! "ఏమప్పా కుళ్లాయప్పా, అవగాహన చేసుకుంటారని రాసినావు, ఆ అవగాహన యాడుంటాది? తలకాయలోనా? తలకాయ తెరిచి సూడల్లా నేను? పిల్లోడు ఏం చేస్తే నీకు తెలుస్తాదో అది రాయి. చెప్తాడా, గీస్తాడా, కొలుస్తాడా, ఏరుతాడా? నా కంటికి కనపడాల." సరేనని పద్యం పాఠానికి 'ఆనందిస్తారు' అని రాసినా. "ఎట్ల ఆనందిస్తారు, గంతులేస్తారా? అట్లయితే గంతులేస్తారని రాయి!" క్లాసంతా ఒకటే నవ్వు. నాకైతే ఏడుపొచ్చింది. ఆ పొద్దు హాస్టల్లో సంగటి గూడ ముట్టలేదు నేను. సంగటంటే గుర్తొచ్చింది, మా హాస్టల్లో వంట మనిషి ఒకాయన ఉండె... వద్దులే, ఆ కథ ఎత్తుకుంటే ఈ కథ కాదు.

నీ ఫోన్లో నిన్న ఏందో బొమ్మ సూపిస్తివే, విని నేర్చుకునే రకం, సూసి నేర్చుకునే రకం, చేసి నేర్చుకునే రకమని? అదీ చెప్పినాడు మా సారు, కాకపోతే ఆయన లెక్క వేరే. "రకం పిల్లోని నొసటిమీద రాసి ఉండదప్పా. చెవికి చెప్పి సూడు. పలకలేదా, కంటికి సూపించు. ఆడా పలకలేదా, చేతికియ్యి. పలికిందాకా తిరగాల్సింది నువ్వు. పిల్లోడు చేయలేకపోతే ఫెయిలయ్యేది వాడు కాదు, ప్లాను రాసినోడు." ఈ మాట నేను ముప్పైనాలుగేండ్ల సర్వీసులో ఎంతమందికి చెప్పినానో. అయితే పాపా, నిజం చెప్తా, ఆ మాట నాకు సరిగ్గా ఎక్కింది బళ్లో కాదు. సారు మంచాన పడినాక ఎక్కింది.

పక్షవాతం వచ్చింది ఆయనకు. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. నేను తెలిసి పోయేటప్పటికే నెల దాటింది. పంచలో నులక మంచం, దాని మీద మా సారు. ఆ గొంతు లేదు. మూతి ఒక పక్కకు తిరిగిపోయి, సూపు యాడో దూలం దగ్గర ఉండాది. పక్కన చుట్టాలు కూచోని ఆయన ముందరే మాట్లాడుకుంటాండారు, సూడు: "ఇంగ ఎన్ని దినాలుంటాడో... ఆ పైచేను ఎవురికి రాసినాడో..." నాకు ఒళ్లు మండిపాయ. ఇంటున్నాడేమో గదప్పా మనిషి, అంటే, "డాక్టరే చెప్పినాడన్నా, ఆయనకు ఏం తెలుస్తాదో ఏం తెలీదో చెప్పలేమని" అన్నాడు ఒకాయన. అంతే, చెప్పలేమంటే తెలీదని తీర్మానం చేసుకున్నారు వాళ్లు.

సారు ఇంటామె నాగలక్ష్మమ్మ. అబ్బో, ఆమె నోరు గురించి ట్రైనింగు పిల్లోల్లమందరికీ తెలుసు. ఎర్ర పెన్సిలు బళ్లో, ఇంట్లో ఆమె నోరు. సారును పట్టుకోని, "ఊరోళ్ల పిల్లోల్ల పుస్తకాలు దిద్దేది సాలు, పోయి ఆవును కట్టేయి పో!" అని మా ముందరే అరిచేది, సారు ముసిముసిగా నవ్వుకుంటా పోయేవాడు. అట్లాంటామె ఆ పొద్దు రాగి అంబలి గిన్నె పట్టుకోని, "రోంత తాగండి, రోంత తాగండి" అని మర్యాదగా, ఎవురో ఇంటికొచ్చిన సుట్టానికి పెట్టినట్ల పెడ్తాండాది. ఆయన ఆమె ముఖాన తుపుక్కున ఉమ్మినాడు. ఆమె కొంగుతో తుడ్సుకొని మళ్లా "రోంత తాగండి" అనింది. నన్ను సాగనంపేదానికి గేటు దాకా వచ్చి, "కుళ్లాయప్పా, నేను ఎవురికి అంబలి తాపిస్తాండానో నాకే తెలీకుండా ఉండాది. ఆయప్పకు నేనని తెలుసునా? అదొక్కటి తెలిస్తే సాలప్పా నాకు" అనింది. బస్సెక్కినా గానీ ఆ మాట వదల్లేదు నన్ను.

ఇంటికొచ్చి పుస్తకం తీసినా. ఏం చేసినానో తెలుసా? లెసన్ ప్లాను రాసినా! నవ్వుతావా? నవ్వు. పైన లక్ష్యమని పెట్టి, "సారు నన్ను గుర్తు పడతాడు" అని రాసినా. రాసి, ఛీ, గుర్తు పట్టేది కంటికి కనపడదు గదా అని నేనే కొట్టేసినా. "పిలిచి అడిగినప్పుడు సారు ఎడమచేతి వేలు ఎత్తుతాడు." ఇది కనపడ్తాది. ఆదివారం ఆదివారం పోతి. సారూ, నేను కుళ్లాయప్పను, వేలెత్తండి. ఊహూఁ. రేడియో పెట్టినా, పేపరు సదివినా. ఊహూఁ. సరే చెవి కాదు, కన్ను అనుకోని మా బ్యాచి ఫోటో పట్టకపోయి ముఖం కాడ పెట్టినా. సూపు అట్లే దూలం మీద. మూడు ఆదివారాలు ఫెయిలు. ఎవురు ఫెయిలు? నేనే.

నాలుగో ఆదివారం అప్పటికి జూన్ వచ్చింది. మోడం పట్టింది, ఈసారన్నా వాన పడి నేల పదునవుతాదేమోనని ఊరంతా విత్తనకాయలు ఒలిచే పనిలో ఉండారు. ఇప్పుడంటే మిషన్లు గానీ, అప్పుడు ఇంటింటా చేతులతోనే గదా ఒలిచేది, బొటనవేలు బొబ్బలెక్కేది. నాగలక్ష్మమ్మ మంచం పక్కన కూచోని చాటలో శెనక్కాయలు ఒలుస్తాండాది. లోపల పాలు పొంగినాయని చాట మంచం మీద ఆయన పక్కన పెట్టి లేసి ఉరికింది. నేను నా పుస్తకంలో రాసుకుంటాండా. టప్ మనింది. ఏందబ్బా అని సూస్తే, సారు ఎడమచేయి చాటలో ఉండాది! కాయను రెండు వేళ్ల మధ్య పెట్టి దాని మూతి కాడ నొక్కి పగలగొట్టినాడు. పొట్టు కింద పడేసినాడు. ఇంగొకటి. ఇంగొకటి. అది ఊరికే చేతి అలవాటంటావా? నేనూ అట్లే అనుకుంటి. కానీ పాపా, గట్టి విత్తనాలు ఒక పక్క వేస్తాండాడు, పుచ్చువి ఇంగో పక్క! ఏరుతాండాడు! నేనాయనకు చెవి దగ్గర, కంటి దగ్గర తిరుగుతాంటి, సేద్యగాని చేతిలో ఒక కాయ పెట్టాలని తట్టలేదు నాకు.

అమ్మా, అమ్మా, ఇట్ల రాండి అని కేకేసినా. ఆమె పాలగిన్నె మసిగుడ్డతో అట్లే పట్టుకోని వచ్చి నిలబడిపోయింది. గిన్నె కింద పెట్టించి, అరచెయ్యి సాపమన్నా. పక్కనే నేనూ సాపినా. ఏం అడగలేదు ఆయన్ను. సారు ఏరిన గుంపులో ఒక లావు విత్తనం తీసుకున్నాడు. రోంతసేపు పట్టింది. తీసకపోయి ఆమె చేతిలో పెట్టినాడు. పెట్టి, ఆమె వేళ్లు మూసినాడు. తర్వాత ఇంగో పక్క నుంచి ఒక పుచ్చు విత్తనం తీసి, తీసి... నా చేతిలో పెట్టినాడు! బాగున్న మూతి పక్క రోంత పైకి లేసింది పాపా. నవ్వినాడు! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి.

ఆమె ఏం చేసింటాది అనుకుంటాండావు? ఏడ్సింటాది అంటావా? అరిచింది! "అంటే నేనని తెలిసే నా ముఖాన ఉమ్మినావా? ఆఁ? రెండు నెల్ల నుంచి తెలిసే ఉమ్ముతాండావా? నీకు మర్యాదలు చేస్తి గదా నేను, బుద్ధిలేక!" అని మొదలుపెట్టింది సూడు, పెండ్లయిన కాడి నుంచి ఉన్నవన్నీ తీసింది. చుట్టాలు పరిగెత్తుకోని వచ్చినారు, ఏమయిందో ఏమోనని. సారు కండ్లల్లో నీళ్లు కారిపోతాండాయి, మూతి ఒక పక్క నవ్వుతానే ఉండాది. ఆమె తిట్టుకుంటానే అంబలి తెచ్చింది, తిట్టుకుంటానే తాపింది. ఒక్క సుక్క ఉమ్మలేదు మనిషి.

ఇంగ నాలుగు నెల్లు ఉన్నాడు. ఆ నాలుగు నెల్లూ పొద్దున లేస్తే ఆమె గొంతు వీధి చివరికి ఇనపడేదంట. నేను పోయినప్పుడల్లా మంచం మీద చాట ఉండేది, ఆయన ఒలుస్తాంటే ఈమె పక్కన కూచోని సతాయించేది, ఇది పుచ్చుది గదా, కండ్లు గూడ పోయినాయా అని. కాయలు కోతకొచ్చే దినాల్లో పోయినాడు. నేను పోయేటప్పటికి ఆమె గోడకానుకోని కూచోనుండాది. "కుళ్లాయప్పా, పొద్దున అంబలి నా చేతిమీద ఉమ్మినాడప్పా," అనింది. "ఎందుకో ఈ పొద్దు నేను తిట్టలేదు."

...

ఏం లేదు, ఏం లేదు. లోపల మోటారు ఆడ్తాండాది సూడు, ట్యాంకు నిండి పారుతాండేది ఇనపడలేదా నీకు? పో, ఆపేసిరా పో.