నోట రాని పేరు

పద్దెనిమిది వందల తొంభై మూడు, వేసవి. రాజమహేంద్రవరం రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద దస్తావేజులు రాసే సూర్యప్రకాశం పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఎదురుగా ఎండురొయ్యల బుట్ట, బుట్ట వెనక ఒకావిడ.

"ఇంకా దూరం పెట్టు తల్లీ. ఇంకా!"

"ఇంకా దూరమంటే గోదాట్లో పెట్టాలండి."

"అదే మేలు. ఏ ఊరు?"

"ఉప్పాడండి. నా పేరు మహాలక్ష్మమ్మ. కొత్త కొట్టు పేరొకటి నాదని రాయించాలండి. ఇవాళే."

"మహాలక్ష్మమ్మ... ఉప్పాడ... రొయ్యలు... ఓహో! నువ్వా! పోయిన మాఘంలో భీమరాజు వచ్చి, రొయ్యల సంచుల మీద వేసుకోడానికి నీ పేరే రాయించుకెళ్ళాడు. మా ఇంటిదాని పేరండీ, అన్నాడు."

"అలా అన్నాడా వా... అలా అన్నారాండి?"

"మురిసిపోతూ అన్నాడు. ముఖం అలా ఎర్రబడిందేంటి, సిగ్గా?"

"సిగ్గేనండి. ఒళ్ళు మండేంత సిగ్గు."

"బాగుంది. ఇప్పుడేం పేరు రాయాలి?"

"ఇక్కడి బజార్లో ఎల్లుండి తెరిచే రొయ్యల కొట్టు పేరండి. మీకు తెలిసే ఉంటుంది."

"తెలీకేం, బోర్డుకి రంగులు కూడా వేస్తున్నారు. అయినా నువ్వు చెప్పాలి, నేను రాయాలి. అదీ పద్ధతి."

"అయ్యబాబోయ్! ఆ పేరు నా నోట రాదండి."

"అవునవును, మర్చేపోయాను. మా ఇంట్లోనూ అంతే. నన్ను పిలవాలంటే మా ఆవిడ గిన్నె కింద పడేస్తుంది. సరే, గుర్తు చెప్పు."

"ద్రౌపది మొగుళ్ళలో గద పట్టుకునే ఆయనండి."

"భీముడు. తర్వాత?"

"కోటలో కిరీటం పెట్టుకుని కూర్చునే ఆయనండి."

"రాజు. భీమరాజు! అంతేనా?"

"మీరే అన్నారండి. నేననలేదు."

"ఏం సిగ్గు తల్లీ! మరి రేపు తనే వచ్చి రాయించుకుంటానన్నాడే? నిన్ను పంపాడేం?"

"ఆలస్యం చేస్తే పేరు ఇంకెవరైనా ఎత్తుకుపోతారు, ఇవాళే వెళ్ళు, అని మా ఆయనే పంపారండి."

"ఆయనెక్కడ?"

"ధవళేశ్వరం లాకుల దగ్గర. పడవలోంచి సంచులు దింపుతున్నారండి."

"అంత షావుకారు తనే సంచులు మోస్తున్నాడా!"

"మా ఆయనకి ఒళ్ళు దాచుకోవడం తెలీదండి."

"మంచిదే. పేరు మీ ఇద్దరిదీ అని రాయనా?"

"నా ఒక్కదానిదేనండి."

"అదేంటి? మొగుడి పేరు పెళ్ళాం ఒక్కదానిదా?"

"మగబుద్ధండి. కొట్టు పెద్దదయ్యాక ఇంకోదాన్ని తెచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే?"

"నిజమే. మా వీధిలోనే ఒకడు అచ్చం ఇలాగే..."

"ఎవరండి?"

"నీకెందుకు! పని చూడనీ. ఇదిగో, ఇక్కడొక చిక్కుంది. లోపల రిజిస్ట్రారు గారు ఫలానావాడి భార్యవేనా, అతని పేరు చెప్పు, అంటారు. నువ్వు నోరు విప్పవు. పని ఆగిపోతుంది."

"అయ్యో! మరెలాగండి?"

"ఉండు, కంగారుపడకు. భార్య అన్న మాటే తీసేస్తాను. తండ్రి పేరుతో రాస్తాను. నాన్న పేరైతే చెప్పొచ్చుగా?"

"పోతురాజండి. నిక్షేపంగా చెప్పొచ్చు."

"కొట్టు పేరు నేను పైకి చదువుతాను, నువ్వు తలూపు. చూశావా? ఈ తెలివి ఈ అరుగు మీద ఇంకెవడికీ రాదు."

"అందుకే మీ దగ్గరికే వెళ్ళమన్నారండి."

"ఎవరు, భీమరాజా?"

"మీ పేరు ఉప్పాడ దాకా వచ్చిందండి."

"ఆహా, అంతవరకూ వచ్చిందా!"

"ఒక్క మాటండి. రేపు ఆ పేరు పుట్టుకతో ఉన్నవాళ్ళు వచ్చి, ఇది నాది, మా అమ్మానాన్నా పెట్టిందీ అంటేనో?"

"పుట్టుకతో పనేంటి? ముందు పుస్తకంలో ఎవరు ఎక్కిస్తే వాళ్ళది. కోర్టుకెళ్ళినా మొదట అడిగేది ఆ పుస్తకమే."

"ఏడ్చి మొత్తుకున్నా?"

"అరుగు మీద కూర్చుని ఏడవచ్చు. నేనేం వద్దనను."

"బాగా చెప్పారండి. ఎక్కడ పెట్టమంటారు నిశానీ?"

కాసేపటికి ఇద్దరూ కచేరీలోంచి మళ్ళీ అరుగు మీదికి వచ్చారు.

"అయిపోయింది. తల ఊపమంటే గుడిగంటలా ఊపేశావు. రిజిస్ట్రారు గారే నవ్వారు."

"పేరు ఇక నాదేనాండి?"

"నీదే. నువ్వు వదిలితే తప్ప ఇంకొకళ్ళు బోర్డు మీద రాసుకోడానికి లేదు."

"అంటే ఎల్లుండి కొట్టు తెరవాలన్నా, తన పేరు తన బోర్డు మీద ఉంచుకోవాలన్నా, భీమరాజు నన్నే అడగాలాండి?"

"అడగాల్సిందే, మరి... ఆగు. ఇప్పుడేమన్నావు?"

"భీమరాజండి. భీమరాజు, భీమరాజు, భీమరాజు. రేపొద్దున బజారంతా కేకేసి మరీ తిరుగుతాను."

"శివ శివా! పట్టపగలు మొగుడి పేరు..."

"మొగుడా? ఎవరికండి? ఆయన కాకినాడ షావుకారు. మా దగ్గర రొయ్యలు కొనేవాడు. మహాలక్ష్మమ్మ రొయ్యలంటే జనం ఎగబడుతున్నారని చూసి, మాఘంలో నా పేరు మీ చేత్తోనే రాయించుకుపోయాడు. నా సంచి మీద నా పేరు వేసుకుంటే దావా వేస్తాడటండి."

"నన్ను ముంచేశావు కదే! భార్యనన్నావు!"

"నేనెప్పుడన్నానండి? ఆ మాట మీరే అన్నారు, మీరే తీసేశారు."

"రేపు వచ్చి వాడు నా పీక పట్టుకుంటే ఏం చెప్పను?"

"నా పేరు నాకిచ్చేస్తే, ఆయన పేరు ఆయనకి ఇచ్చేస్తానని చెప్పండి. ఇద్దరికీ కాయితాలు మీరే రాద్దురుగాని. ఈ గుప్పెడు రొయ్యలు ఉంచుకోండి."

"తియ్, తియ్యి అవతలకి! ఉండు, వెళ్ళకు. ఆ లాకుల దగ్గర సంచులు దింపేవాడు, నిన్ను నా మీదికి పంపినవాడు, ఆ మీ ఆయన పేరేంటి? చెప్పు!"

"అయ్యో, బాగుందండి! మొగుడి పేరు నోటితో ఎవరైనా చెప్తారాండి?"