ముడి వెయ్యని డిస్కు

పాత యంత్రాలు బాగుచేసే కొట్టు. బల్లకు అటు ముసలి మెకానిక్కు, ఇటు డిస్కును గుండెకు హత్తుకుని నిలబడ్డ బట్టలు కుట్టే మనిషి.

“...గేదె నమిలి ఉమ్మేసిన డిస్కునే ఆడించానమ్మాయ్! నీదెంత? ఇలా ఇయ్యి.”

“ఇవ్వను. ముందు చెప్పండి తాతా, దీన్ని మార్చకుండా ఆడిస్తారా?”

“మార్చడమంటే?”

“కన్వర్టు. ఏ కొట్టుకెళ్లినా అదే పాట. ఈ ఫైళ్లు మా మిషను చదవదు, కన్వర్టు చేసిస్తాం అంటారు. లాయరేమో, రవ్వంత మార్చినా కోర్టులో చెల్లదు, ఉన్నదున్నట్టు ఆడే రికార్డరు వెతుక్కో అన్నాడు.”

“కోర్టా? ఏం, ఎవరి చొక్కా అయినా పొట్టిగా కుట్టావా?”

“నవ్వకండి. మా తమ్ముడు గోడౌన్లో కాపలా. అది తగలబడింది. వీడే అంటించాడంటున్నారు. ఆ మధ్యాహ్నం గేటు కెమెరా తీసిందంతా ఇందులో ఉంది. ఇదొక్కటే ఉంది.”

“అక్కడి రికార్డరు?”

“కాలిపోయింది. వీడు డిస్కు లాక్కుని బయటపడ్డాడు.”

“అదీ సంగతి! ముడి వెయ్యకుండా లాగేశాడు.”

“ముడేమిటి?”

“కుట్టు చివర నువ్వు ముడెయ్యకపోతే?”

“ఊడిపోతుంది.”

“ఇదీ అంతే. రికార్డరు చివర ముడేస్తేనే తక్కిన మిషన్లు చదువుతాయి. లేదంటే రాసిన రికార్డరు జాతిదే చదవాలి. ఇదిగో, నా దగ్గరున్నది దానికి అన్న వరస. పెట్టు.”

“గీతలు పడితే?”

“గేదె నమిలితేనే—”

“నిజంగా నమిలిందా?”

“నమల్లేదులే. వాసన చూసి పోయింది. డిస్కు కూడా కొత్తదే. పెట్టు పెట్టు.”

“చేతులాడటం లేదు తాతా.”

“డిస్కు ఆడదని భయమా, ఆడుతుందని భయమా?”

“ఆ రోజు వాడి చొక్కా కిరసనాయిలు కంపు కొట్టింది. నేనే ఉతికాను. ఎవరికీ చెప్పలేదు.”

“వాణ్ణి అడగలేదా?”

“అడిగితే చెప్పేస్తాడేమోనని.”

“పెట్టు తల్లీ. నువ్వు చూడనంత మాత్రాన అది మారదు.”

“...పెట్టాను.”

“తెర మీద ఏముందో చదువు. నాకు చత్వారం.”

“ఖాళీ డిస్కంటోంది! అంతా చెరిపి కొత్తగా సిద్ధం చెయ్యనా అంటోంది! తాతా, తీసెయ్యండి, తీసెయ్యండి!”

“జవాబు చెప్పందే తలుపు తియ్యదది.”

“కరెంటు పీకెయ్యండి!”

“వద్దు వద్దు! దానికి తిక్కరేగితే ఉన్నదీ పాడుచేస్తుంది. వద్దన్న బటను నొక్కు. మళ్లీ మొదట్నించీ చదువుతుంది.”

“ఏది వద్దు? రిమోటు మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి!”

“ఎడమది.”

“ఎడమదేనా, ఎడమదేమోనా?”

“ఎడమదే... ఆఁ, ఎడమదే.”

“మీరు నొక్కండి.”

“నా వేళ్లు వణికి రెండూ నొక్కుతాయి. భయపడకు. తప్పు నొక్కినా కొంప మునగదు. చెరిపే ముందు ‘నిజంగానా?’ అని ఇంకోసారి అడుగుతుంది. మర్యాద తెలిసిన మిషను.”

“ఒట్టా?”

“నొక్కమ్మా.”

“అమ్మో... నొక్కాను.”

“ఏమంటోంది?”

“ఏమీ అనదే! నల్లగా ఉంది. తాతా, నల్లగానే ఉంది!”

“ముసలిది. ఊపిరి పీల్చుకోనీ.”

“గేటు... గేటొచ్చింది! కుర్చీ... మా తమ్ముడు!”

“ఏం చేస్తున్నాడు?”

“...నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని! గస్తీ తిరుగుతున్నానని నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడు వెధవ!”

“చూడు, ఇంకా చూడు.”

“ఎవరో వస్తున్నారు. గోడౌను యజమాని బావమరిది. చేతిలో డబ్బా. తూలాడు... వీడి చొక్కా మీద ఒలికింది. అయినా లేవడే! వాడు లోపలికెళ్లాడు... డబ్బా లేకుండా వచ్చాడు... వెనక పొగ తాతా, పొగ!”

“ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?”

“తెలీదు. వీడి ఉద్యోగం పోతుంది.”

“పోనీ. నిద్రకు జైలెయ్యరు.”

“ఈ మిషను నేను పట్టుకెళ్తాను. కోర్టులోనూ ఇలాగే ఆడాలి. అక్కడ లాయరు కంగారులో తప్పు నొక్కినా ఇంకోసారి అడుగుతుందిగా, నాకదే ధైర్యం.”

“ఆ రిమోటు ఇలా ఇయ్యి. ఎడమ బటను మీద రంగు చుక్క పెడతాను.”

“ఎందుకూ? అడుగుతుందన్నారుగా?”

“అడగదు తల్లీ. ఆ రెండోసారి... నేను కల్పించింది.”