సుగుణ బస్సెక్కిందా?

వీరులపాడు. ఆదివారం భోజనాలయ్యాక రత్తయ్యగారి వరండా. అరుగు మీద అత్తాకోడళ్ళు భారతీదేవి, రాజ్యశ్రీ ఒకే ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. పడక్కుర్చీలో రత్తయ్య మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నాడు. అంటే, ఆయన చెప్పడం అది. మిగతా ఇద్దరూ నమ్మలేదు.

"...అది కొట్టేద్దాం అత్తయ్యా. 'పుస్తకప్రియురాలు' అని అందరూ పెడతారు."

"మరి నేను పుస్తకప్రియురాలినేగా?"

"కాదన్లా. ఇదిగో చూడండి, ఈవిడ పుస్తకప్రియురాలు. ఈవిడా అంతే. ఈయన పుస్తకాల పురుగు. ఇన్‌స్టాలో ఎవరి బయో తీసినా ఇదే. పుస్తకం, కాఫీ, వాన."

"నాకు కాఫీ పడదు."

"అదే రాద్దాం. 'కాఫీ పడదు.' మీరొక్కళ్ళే వేరుగా కనిపిస్తారు."

"వెటకారమా?"

"కాదు అత్తయ్యా, నిజంగానే. పేరు కింద ఆ రెండు ముక్కలు చూసే జనం ఆగేది. నూట యాభై అక్షరాలే రాయనిస్తాడు. అందులో మీరే ఉండాలి. అది చదివితే ఇంకెవరూ గుర్తు రాకూడదు."

"నూట యాభై అక్షరాల్లో మీ అత్తయ్యా? ఉప్పందుకోమని చెప్పడానికే ఆవిడ రెండొందలు వాడుద్ది."

"చూసావా, మీ మామయ్య లేచారు."

"నిద్రపోతున్నా."

"అయితే నిద్రలో మాట్లాడకండి. చెప్పమ్మా, ఇంకేం కావాలి నీకు?"

"మీరు పుస్తకం ఎప్పుడు చదివేవాళ్ళు?"

"ఎప్పుడేముంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు."

"అన్నం మాడేలోపు."

"ఏవండీ!"

"మామయ్యగారూ, అది బావుంది. 'అన్నం మాడినా పేజీ వదలను.' రాసేస్తున్నా."

"రాయకు తల్లీ! మీ అమ్మావాళ్ళు చూస్తే? వాళ్ళ పిల్లకి మాడన్నం పెడుతున్నాననుకుంటారు."

"పోనీ, ఈ ఊళ్ళో పుస్తకాలు ఎక్కడ దొరికేవి మీకు?"

"పుస్తకాలెక్కడివి? వీక్లీలే. శుక్రవారం మీ మామయ్య నందిగామ వెళ్ళి బస్టాండు కొట్లో తెచ్చేవారు. సీరియల్ ఆకుల వరకూ చింపి పక్కన పెట్టేదాన్ని. అంతా అయిపోయాక దబ్బనంతో కుట్టి, కేలండరు అట్ట వేసుకునేదాన్ని. బీరువా అడుగున ఉన్నాయిగా."

"అవి మీరు కుట్టినవా? మీ అబ్బాయి స్కూలు పుస్తకాలేమో అనుకున్నా ఇన్నాళ్ళూ!"

"వాడి పుస్తకాలకి అంత మంచి అట్టలెక్కడివి."

"ఎన్ని ఉన్నాయి అత్తయ్యా? పద్నాలుగు దాకా ఉంటాయేమో."

"పదమూడున్నర."

"ఆ అర ఏంటి?"

"ఒకదానికి ముగింపు లేదు."

"అమ్మాయ్, వంకాయ కూర బాగా చేస్తుందని రాయి. దానికి చాలామంది వస్తారు."

"పుస్తకాల వాళ్ళకి వంకాయెందుకు మామయ్యగారూ? ఉండండి. ముగింపు లేకపోవడం ఏంటి అత్తయ్యా?"

"సుగుణ అని ఒకావిడ కథ. అత్తారింట్లో ఆవిడ మాట ఎవరికీ పట్టదు. చూసీ చూసీ ఒకరోజు సంచి సర్దుకుని రోడ్డు మీదకొస్తుంది. బస్సొచ్చి ఆగుద్ది. 'ఎక్కుతావా అమ్మా?' అంటాడు కండక్టరు. అంతే. ముగింపు వచ్చేవారం."

"వచ్చేవారం?"

"రాలేదు."

"వీక్లీ రాకపోవడమేంటి?"

"ఆ వారం నందిగామకే రాలేదన్నారు మీ మామయ్య. ఏంటండీ, తుఫానన్నారా? లారీల సమ్మె అన్నారా?"

"ఏదో అని ఉంటా. ఎనభై ఏడులో సంగతి ఇప్పుడెవడికి గుర్తు."

"చూడు, ఏ సంవత్సరమో మాత్రం గుర్తుంది."

"మళ్ళీ ఎక్కడా దొరకలేదా అత్తయ్యా?"

"అడగని మనిషి లేడమ్మా. జగ్గయ్యపేటలో మా పుట్టింటి వీధి వీధంతా అడిగా. పుస్తకంగా వేస్తారేమోనని చూసా. వెయ్యలేదు. మొన్న నువ్వు చూపించావుగా, పాత వీక్లీలు దాచుకున్నవాళ్ళు ఇందులో ఫొటోలు పెడుతున్నారని..."

"ఓహో! అందుకా, అకౌంటు తెరువు, అకౌంటు తెరువు అని వారం నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు?"

"పుస్తకాలంటే ఇష్టం కూడా ఉందిలే. కానీ ఆ ఒక్కటీ తెలిస్తే నా మనసు కుదుటపడుద్ది."

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా. బయో దొరికింది. వినండి. 'పదమూడున్నర సీరియల్స్ చింపి కుట్టుకున్నా. ఆ సగానికి ముగింపు లేదు. సుగుణ బస్సెక్కిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.'"

"అబ్బ. ఇంకోసారి చదువు."

"ఇప్పుడెందుకమ్మాయ్ ఆ పాత గోల? 'కాఫీ పడదు' బావుంది. అదుంచు."

"మామయ్యగారు పేపరు తీసేసారేంటి?"

"ఉక్కగా ఉంది."

"ఆయన మాటకేంలే. పెట్టెయ్ రాజ్యశ్రీ."

"పెట్టేస్తున్నా. సాయంత్రంలోపు ఎవరో ఒకళ్ళు ఫొటో తీసి పంపకపోతే నన్నడగండి."

"ఫొటో అంటే, ఆ పేజీదేనా?"

"ఆ పేజీదే మామయ్యగారూ. పైన తేదీతో సహా. ఇదిగో, సేవ్ నొక్కుతున్నా..."

"ఎక్కింది."

"ఏంటి?"

"సుగుణ. ఎక్కింది బస్సు. వెనక్కి చూళ్ళేదు కూడా."

"మీకెట్టా తెలుసండీ?"

"ఆ వారం వీక్లీ వచ్చింది భారతీ. నందిగామ నుంచి వస్తా వస్తా బస్సులో నేనే చదివా. చదివి, ఆ ఆకులు చింపి కిటికీలోంచి వదిలేసా. ఊరొచ్చేలోపు మిగతాది కూడా."

"మామయ్యగారూ!"

"మరేం చెయ్యమంటావమ్మాయ్? ఆ పొద్దునే మంచం కింద చూసా, ఈవిడ సంచి సర్ది ఉంది. టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది ఈవిడకి. మా అమ్మ పంపనంది. నేను నోరు విప్పలేదు. విప్పాల్సింది. ఇప్పుడనుకుని ఏం లాభం. అట్టాంటప్పుడు ఆ సుగుణ బస్సెక్కి పోయిందని నా చేత్తో నేనే తెచ్చివ్వనా? భయమేసింది."

"ముప్పై ఎనిమిదేళ్ళు దాచారా!"

"చెబుదామనే అనుకుంటా. అడిగినప్పుడల్లా ఇంకో ఏడాది ముదిరిపోయేది ఆ అబద్ధం. భారతీ, ఏదన్నా అను. తిట్టు. అట్టా చూడకు."

"అత్తయ్యా?"

"సంచి చూసారా మీరు?"

"చూసా."

"చూసి, నన్నడగలేదు."

"అడిగితే వెళ్తానంటావేమోనని."

"ముందు రోజు అడగాల్సింది. గురువారం. మీరు పత్తి చేలో ఉన్నప్పుడు నేను ఆ సంచి పట్టుకుని నందిగామ పోయి, మా పుట్టింటికని జగ్గయ్యపేట బస్సెక్కా."

"ఎక్కావా?"

"ఎక్కా. చిల్లకల్లు దాకా పోయా. అక్కడ దిగి, ఎదురు బస్సెక్కి, పొద్దుగూకేలోపు ఇంటికొచ్చి మీకు అన్నం వండా. మాడకుండా."

"నా కోసం దిగావా భారతీ?"

"మీ మొహం. మర్నాడు శుక్రవారం కదండీ, మీరు వీక్లీ తెచ్చే రోజు. సుగుణ సంగతేంటో చదివేసి శనివారం పోదామని దిగా. మీరు తేలేదు. ఈ వారం దొరుకుద్ది, వచ్చేవారం దొరుకుద్ది అనుకుంటా, ఇదిగో, ఇంకా ఆగే ఉన్నా."